స్వతంత్ర ప్రాజెక్టు నివేదిక రాయడం ఎలా?

ల్యాబ్ రికార్డు రాసిన అలవాటుతోనే ప్రాజెక్టు నివేదిక మొదలుపెడితే మొదటి పేజీలోనే దారి తప్పుతారు. ల్యాబ్ రికార్డులో ప్రశ్న ముందే ఇచ్చి ఉంటుంది. ఏ పరికరం వాడాలో, ఎన్ని రీడింగులు తీయాలో మాన్యువల్లో ఉంటుంది. స్వతంత్ర ప్రాజెక్టులో అవన్నీ మీరే తేల్చుకున్నారు: ఏ ప్రశ్న, ఏ పద్ధతి, ఎన్నిసార్లు, ఎక్కడ ఆపాలి. దిద్దేవారు ప్రధానంగా చూసేది ఆ నిర్ణయాలనే. ఫలితం గొప్పగా రాకపోయినా నిర్ణయాలకు కారణాలు కనిపిస్తే నివేదిక నిలబడుతుంది. ఫలితం బ్రహ్మాండంగా వచ్చినా అది ఎలా వచ్చిందో తెలియకపోతే అనుమానమే మిగులుతుంది.

కింద ఉదాహరణలకు ఎక్కువగా లఘులోలకంతో (దారానికి వేలాడదీసి ఊపే గుండుతో) గురుత్వ త్వరణం (కింద పడే వస్తువు వేగం ప్రతి సెకనుకూ ఎంత పెరుగుతుందో) కొలిచే ప్రాజెక్టునే తీసుకున్నాం. అందరికీ తెలిసిన ప్రయోగం కాబట్టి దృష్టి రాత మీద ఉంటుంది. సర్వే అయినా, సెన్సరుతో చేసిన యంత్రమైనా పద్ధతి ఇదే. తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

రాయడానికి ముందు

నివేదిక నాణ్యత సగం లాగ్‌బుక్‌లోనే తేలిపోతుంది. విడి కాగితాలు వద్దు, కుట్టిన నోటుపుస్తకం వాడండి. పేజీలకు ముందే నంబర్లు వేసుకోండి. పెన్నుతో రాయండి. తప్పు రీడింగు పడితే చెరపకుండా ఒక్క గీత కొట్టి, పక్కన కారణం రాయండి: "గాలికి లోలకం పక్కకు ఊగింది" అన్నట్టు. కొట్టేసిన అంకె కింద చదవగలిగేలా ఉండాలి, ఎందుకంటే రెండు వారాల తర్వాత అదే సరైనదని తేలవచ్చు.

చాలామంది చేసే పొరపాటు లెక్క కట్టిన విలువను మాత్రమే రాసుకోవడం. 20 డోలనాలకు (ఒక డోలనం అంటే అటు వెళ్లి ఇటు తిరిగొచ్చే ఒక పూర్తి ఊపు) స్టాప్‌వాచ్ 40.1 సెకన్లు చూపిస్తే 40.1 అనే రాయాలి, 2.005 అని కాదు. డోలనాల లెక్కలో తేడా వచ్చిందని తర్వాత అనుమానం కలిగితే 40.1 నుంచి వెనక్కి వెళ్లి సరిదిద్దుకోవచ్చు. 2.005 ఒక్కటే ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే. ప్రతి రోజూ తేదీ, ముందురోజుతో పోలిస్తే ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్న రెండు వాక్యాలు రాసుకోండి. నివేదికలో పద్ధతి భాగం రాసేటప్పుడు ఈ వాక్యాలే కాపాడతాయి. అమరికను ఫొటో తీసేటప్పుడు పక్కన ఒక స్కేలు పెట్టండి, అది లేకపోతే ఫొటోలో ఏది ఎంత పెద్దదో ఎవరికీ తెలియదు.

లాగ్‌బుక్ సరిగా లేదనుకోండి. ఫోనులోని ఫొటోల తేదీలు, ఫైళ్లు సేవ్ చేసిన తేదీలు, స్నేహితులకు పంపిన మెసేజీలు ముందేసుకుని ఏ రోజు ఏం జరిగిందో కూర్చవచ్చు. పని జరిగిన వరసను అలా కూర్చవచ్చు గానీ రీడింగులను కాదు. పోయిన రీడింగు పోయినట్టే. వీలుంటే మళ్లీ తీయండి, లేకపోతే ఆ వరస లేదని రాయండి.

తర్వాత, ప్రశ్నను ఒక్క వాక్యంలో పెట్టండి. "లఘులోలకంపై అధ్యయనం" ప్రశ్న కాదు. దానికి జవాబు ఉండదు, కాబట్టి ముగింపూ ఉండదు. "25 నుంచి 100 సెం.మీ. పొడవుల మధ్య లఘులోలకం వాడి గురుత్వ త్వరణాన్ని 1 శాతం అనిశ్చితిలోపు కొలవగలమా?" అన్నది ప్రశ్న. (అనిశ్చితి అంటే కొలత అటూ ఇటూ ఎంత తప్పి ఉండవచ్చో చెప్పే అంకె.) కొలవగలమో లేదో, ఎంత వచ్చిందో చెప్పి ముగించవచ్చు. ఈ వాక్యాన్ని కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకోండి. రాస్తున్న ఏ పేరా ఈ ప్రశ్నకు పనికిరాకపోయినా అది నివేదికలో ఉండాల్సిన పేరా కాదు.

ఏది ముందు రాయాలి

చదివే వరస వేరు, రాసే వరస వేరు. చదివేవారికి సారాంశం, పరిచయం, పద్ధతి, ఫలితాలు, చర్చ, ముగింపు అనే క్రమంలో అందుతుంది. రాసేటప్పుడు మాత్రం ముందు గ్రాఫులు, పట్టికలు పూర్తి చేయండి. ఆ తర్వాత పద్ధతి, ఫలితాలు, చర్చ, ముగింపు. పరిచయం వాటి తర్వాత. అన్నిటికంటే చివర సారాంశం, శీర్షిక. పరిచయంతో మొదలుపెట్టేవారు మూడు రోజులు దాని మీదే కూర్చుంటారు, చివరికి ప్రాజెక్టు వేరే దిక్కుకు పోయిందని తెలిసి మళ్లీ రాస్తారు.

15 పేజీల నివేదికకు సుమారుగా ఈ పంపకం సరిపోతుంది: పరిచయం, నేపథ్యం కలిపి 3 పేజీలు, పద్ధతి 3, ఫలితాలు 4, చర్చ 3, ముగింపు అర పేజీ, మిగిలింది సారాంశానికి, ఆధారాలకు. నేపథ్యం 7 పేజీలు, చర్చ ఒక పేజీ ఉన్న నివేదిక చూస్తే ఎవరైనా ఒకటే అనుకుంటారు: పుస్తకాల్లోంచి ఎత్తి రాశారు, సొంత పని తక్కువ.

పద్ధతి: చేసింది చేసినట్టు

ఇది జరిగిన పని గురించిన భాగం, కాబట్టి జరిగినట్టే రాయాలి. "దారానికి గుండు కట్టవలెను, పక్కకు లాగి వదలవలెను" అని ఆజ్ఞలు రాస్తే అది మాన్యువల్ నుంచి దించినట్టు కనిపిస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది: మీరు నిజంగా చేసింది మాన్యువల్లో ఉన్నదానికి కొంచెం తేడాగా ఉంటుంది, ఆ తేడాయే ఫలితాన్ని మార్చి ఉండవచ్చు.

బలహీనమైన రాత ఇలా ఉంటుంది: "లోలకాన్ని ఊపి, స్టాప్‌వాచ్‌తో కాలాన్ని జాగ్రత్తగా కొలిచాను. ఖచ్చితత్వం కోసం చాలాసార్లు చేశాను." జాగ్రత్తగా అంటే ఎలా? చాలాసార్లు అంటే ఎన్ని? అదే విషయం ఇలా రాయవచ్చు: "2.4 సెం.మీ. వ్యాసమున్న ఇనుప గుండును అంతగా సాగని సన్నటి దారానికి వేలాడదీశాను. గుండు వేలాడుతుండగానే ఆధారం నుంచి గుండు కేంద్రం వరకు పొడవును మిల్లీమీటర్ల టేపుతో కొలిచాను. 10 డిగ్రీలకు మించకుండా పక్కకు జరిపి వదిలాను. మొదటి రెండు ఊపులు వదిలేసి, గుండు అత్యల్ప స్థానం దాటుతున్నప్పుడు సున్నా అని లెక్క మొదలుపెట్టి 20 డోలనాలకు పట్టిన కాలాన్ని ఒక్కో పొడవుకు 5 సార్లు తీశాను."

రెండోదానిలో ప్రతి వివరానికీ పని ఉంది. గుండు వేలాడుతుండగా కొలవడం ఎందుకంటే బరువుకు దారం కొద్దిగా సాగుతుంది. అత్యల్ప స్థానం దగ్గర లెక్కించడం ఎందుకంటే అక్కడ గుండు వేగం ఎక్కువ, దాటిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది. చివరల దగ్గర అది దాదాపు ఆగి ఉంటుంది, ఎప్పుడు తిరిగిందో కంటికి తెలియదు. సున్నాతో మొదలుపెట్టామని రాయడం చాదస్తం కాదు. "ఒకటి" అని మొదలుపెట్టినవారు నిజానికి 19 డోలనాలనే కొలిచి 20 అనుకుంటారు. అప్పుడు డోలనావర్తన కాలం, అంటే ఒక డోలనానికి పట్టే కాలం, 5 శాతం తగ్గి, గురుత్వ త్వరణం 9.8కి బదులు 10.9 దగ్గర వస్తుంది. అలాంటి అంకె కనబడగానే అనుభవమున్న గైడు అడిగే మొదటి ప్రశ్న ఇదే.

నిర్ణయాలకు కారణాలు కూడా ఇక్కడే రావాలి. ఒక్క డోలనం కాకుండా 20 ఎందుకు? కారణాన్ని లెక్కతో చెప్పండి. స్టాప్‌వాచ్ నొక్కే చేతి ఆలస్యం వల్ల 0.2 సెకన్ల తేడా రావచ్చనుకుందాం. మీటరు పొడవు లోలకానికి ఒక డోలనం సుమారు 2 సెకన్లు, అందులో 0.2 అంటే 10 శాతం. 20 డోలనాలకు 40 సెకన్లు, అందులో అదే 0.2 అంటే అర శాతం. ఈ రెండు వాక్యాలు చాలు, మీరు ఆలోచించి చేశారని తెలిసిపోతుంది. 10 డిగ్రీల హద్దూ అంతే. ఊగే కోణం పెరిగితే డోలనావర్తన కాలం కూడా పెరుగుతుంది: 10 డిగ్రీలకు సుమారు 0.2 శాతం, 20కి 0.8 శాతం, 30కి 1.7 శాతం. 1 శాతం లోపు కొలవాలనుకునేవారు 30 డిగ్రీలకు ఎందుకు పోకూడదో ఈ అంకెలే చెబుతాయి.

మొదట చేసి వదిలేసిన పద్ధతి ఉంటే దాచకండి. ఒక పేరా ఇవ్వండి: ఏం ప్రయత్నించారు, ఏం తేడా వచ్చింది, ఏం మార్చారు. దారం సాగి, పది నిమిషాల్లో పొడవు 4 మి.మీ. పెరిగిందని గమనించి దారం మార్చినవారు పరిశోధకుల్లా కనిపిస్తారు. అయితే ఒక పేరాకే ఆపండి. పడిన తంటాలన్నీ వరసగా చెబితే అది డైరీ అవుతుంది.

సర్వే ప్రాజెక్టుకైతే పద్ధతి భాగంలో తప్పనిసరిగా చెప్పాల్సినవి: ఎంతమందిని అడిగారు, వారిని ఎలా ఎంచుకున్నారు, ఎంతమంది జవాబివ్వలేదు, ప్రశ్నలను ఏ మాటల్లో అడిగారు. ప్రశ్నాపత్రం యథాతథంగా నివేదిక చివరి అనుబంధంలో పెట్టండి. స్నేహితులనే అడిగితే స్నేహితులనే అడిగామని రాయండి. దాన్ని యాదృచ్ఛిక నమూనా అనడం అబద్ధం. పాల్గొన్నవారి అనుమతి ఎలా తీసుకున్నారో చెప్పాలి. పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి కావాలి. పేర్లు బయటపడకూడదు.

ఎలక్ట్రానిక్స్ పనిలో సర్క్యూట్ బొమ్మ, ఏ పిన్ను దేనికి కలిపారో తెలిపే పట్టిక, వాడిన కోడు లైబ్రరీల వెర్షన్ నంబర్లు ఉండాలి. వెర్షన్ లేకపోతే ఏడాది తర్వాత అదే కోడు నడవకపోవచ్చు. కోడు మొత్తం అనుబంధంలోకి పోవాలి. నివేదిక లోపల మీ ఆలోచన కనిపించే పది పదిహేను లైన్లు మాత్రమే పెట్టి, వాటిని వివరించండి.

పద్ధతి సరిగా రాశారో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. ప్రాజెక్టు గురించి తెలియని ఒకరికి ఆ మూడు పేజీలు ఇచ్చి, అమరిక బొమ్మ గీయమనండి. వారు ఎక్కడ ఆగి మిమ్మల్ని అడుగుతారో అక్కడ ఒక వాక్యం తక్కువైందని అర్థం.

ఫలితాలు: పట్టిక, గ్రాఫు, అంకె

పట్టిక శీర్షిక పట్టికకు పైన, బొమ్మ శీర్షిక బొమ్మకు కింద రావడం సాధారణ పద్ధతి. మీ సంస్థ నియమాలు వేరుగా ఉంటే వాటినే పాటించండి. యూనిట్లు నిలువు వరస శీర్షికలో ఒక్కసారి చాలు, ప్రతి గడిలోనూ "సెకన్లు" అక్కర్లేదు. ముడి రీడింగులన్నీ అనుబంధంలో పెట్టి, ఇక్కడ సగటులు, అనిశ్చితులు చూపండి.

కాలిక్యులేటర్ చూపించిన అంకెలన్నీ దించడం నివేదికల్లో తరచూ కనిపించే తప్పు. 5 రీడింగులు 40.1, 40.3, 40.0, 40.2, 40.1 అనుకుందాం. సగటు 40.14 సెకన్లు, ఒక డోలనానికి 2.007 సెకన్లు. గురుత్వ త్వరణానికి సూత్రం 4π² × పొడవు ÷ కాలం వర్గం కాబట్టి, పొడవు 1.000 మీటరైతే అది 9.801 అని వస్తుంది. కాలిక్యులేటర్ ఇంకో ఆరు అంకెలు ఇస్తుంది. వాటిలో నమ్మదగినవి ఎన్ని? రీడింగుల ప్రామాణిక విచలనం, అంటే అవి సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత, సుమారు 0.11 సెకన్లు. దాన్ని 5 వర్గమూలంతో భాగిస్తే సగటులో అనిశ్చితి 0.05, ఒక డోలనానికి 0.0025 సెకన్లు, అంటే 0.13 శాతం. సూత్రంలో కాలం వర్గంగా వస్తుంది కాబట్టి ఇది రెట్టింపై 0.25 శాతం అవుతుంది. పొడవులో 1 మి.మీ. తేడా 0.1 శాతం. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 0.27 శాతం, అంటే 0.03. కాబట్టి రాయాల్సింది 9.80 ± 0.03 మీ./సె². అనిశ్చితి రెండో దశాంశంలో ఉన్నప్పుడు మూడో దశాంశం రాయడానికి మీకు హక్కు లేదు.

సర్వేలోనూ ఇదే సూత్రం. 12 మందిలో 7గురు అవునన్నారంటే "12 మందిలో 7గురు" అని రాయండి. 58.33 శాతం అంటే వేలమందిని అడిగినట్టు వినిపిస్తుంది.

గ్రాఫు దగ్గర స్ప్రెడ్‌షీట్ ఒక ఉచ్చు పెడుతుంది. పొడవులు 25, 40, 60, 80, 100 సెం.మీ. అనుకోండి. లైన్ చార్టు ఎంచుకుంటే అది ఈ అంకెలను పేర్లుగా తీసుకుని సమాన దూరాల్లో పెడుతుంది. 25కీ 40కీ మధ్య దూరం, 80కీ 100కీ మధ్య దూరం ఒకటే అయిపోయి వాలు తప్పుగా కనిపిస్తుంది. స్కాటర్ చార్టు ఎంచుకోవాలి. బిందువులను ఒకదానితో ఒకటి కలపకూడదు, వాటి మధ్యగా బెస్ట్ ఫిట్ గీత గీయాలి. రెండు అక్షాలకూ పేరు, యూనిట్ ఉండాలి. ఎర్రర్ బార్లు (బిందువు దగ్గర అనిశ్చితిని చూపే చిన్న గీతలు) బిందువుకంటే చిన్నవైతే ఆ మాట శీర్షికలో రాయండి, లేకపోతే మరిచిపోయారనుకుంటారు.

ఏది దేనికి ఎదురుగా గీయాలన్నదీ ఒక నిర్ణయమే. డోలనావర్తన కాలాన్ని పొడవుకు ఎదురుగా గీస్తే వంపు వస్తుంది, దాని నుంచి తేల్చేది తక్కువ. కాలం వర్గాన్ని నిలువు అక్షం మీద, మీటర్లలో పొడవును అడ్డం అక్షం మీద పెడితే సరళరేఖ వస్తుంది. 39.48ని, అంటే సూత్రంలోని 4π²ని, ఆ రేఖ వాలుతో భాగిస్తే గురుత్వ త్వరణం. వాలు 4.02 దగ్గర ఉంటే పని సవ్యంగా జరిగినట్టు.

ఈ భాగంలో కారణాలు చెప్పకండి. ఏం కనిపించిందో చెప్పండి. "పట్టిక 2 చూడండి" అని వదిలేయడం కూడా సరిపోదు. పట్టికలో పాఠకుడు ఏం గమనించాలో ఒక వాక్యంలో చెప్పాలి.

చర్చ

నివేదికలో కష్టమైన భాగం ఇదే. "మానవ తప్పిదాల వల్ల స్వల్ప తేడా వచ్చింది" అన్న వాక్యం లెక్కలేనన్ని నివేదికల్లో ఉంటుంది, దాని విలువ సున్నా. ఏ తప్పిదం? అది ఫలితాన్ని పెంచుతుందా, తగ్గిస్తుందా? ఎంత? ఈ మూడింటికీ జవాబు లేకపోతే దోషాల గురించి రాయనట్టే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక్కో పొడవుకూ విడివిడిగా గురుత్వ త్వరణం లెక్కిస్తే 25 సెం.మీ. దగ్గర 9.34, 100 సెం.మీ. దగ్గర 9.69 వచ్చిందనుకోండి. మధ్య పొడవులకూ క్రమంగా పెరుగుతూ వచ్చింది. యాదృచ్ఛిక దోషమైతే విలువలు అటూ ఇటూ చెదరాలి, ఇలా ఒకే దిక్కుగా పోవు. పొట్టి లోలకానికి తేడా ఎక్కువ, పొడుగుదానికి తక్కువ అంటే ప్రతి పొడవులోనూ ఒకే స్థిరమైన మొత్తం తగ్గి ఉండాలి. పొడవును గుండు కేంద్రం వరకు కాకుండా గుండు పైభాగం వరకే కొలిస్తే సరిగ్గా అదే జరుగుతుంది: 2.4 సెం.మీ. గుండుకు ప్రతిసారీ 1.2 సెం.మీ. తక్కువ. 25లో అది 4.8 శాతం, 100లో 1.2 శాతం.

ఇప్పుడు ఈ అనుమానాన్ని గ్రాఫుతో సరిచూడవచ్చు. పొడవులన్నీ ఒకే మొత్తం తగ్గితే రేఖ వాలు మారదు, రేఖ మాత్రం మూలబిందువు గుండా పోకుండా నిలువు అక్షాన్ని 0.05 దగ్గర తాకుతుంది. వాలు నుంచి లెక్కిస్తే 9.8 సరిగానే వస్తుంది. ఇలా రాసిన చర్చకు, "మానవ తప్పిదాలు" అన్న చర్చకు ఎంత తేడా ఉందో చెప్పనక్కర్లేదు. ఇక్కడ తప్పు కొలతే నివేదికకు బలమైంది. దాన్ని దాచి, 1.2 సెం.మీ. తర్వాత కలిపేసి, మొదటి నుంచీ సరిగానే కొలిచినట్టు రాసి ఉంటే మంచి పేజీ పోయేది, నిజాయితీ కూడా.

సెన్సరు ప్రాజెక్టుల్లోనూ ఇలాంటివే దొరుకుతాయి. అల్ట్రాసోనిక్ సెన్సరుతో (ధ్వని వెళ్లి తగిలి తిరిగొచ్చే కాలాన్ని బట్టి) దూరం కొలిచే కోడులో ధ్వని వేగాన్ని సెకనుకు 343 మీటర్లని స్థిరంగా పెడతారు. అది 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరి విలువ. ఒక్కో డిగ్రీకి వేగం సుమారు 0.6 పెరుగుతుంది. 35 డిగ్రీల గదిలో 352 దగ్గర ఉంటుంది, కాబట్టి 2 మీటర్ల దూరాన్ని యంత్రం సుమారు 1.95 అని చూపుతుంది. "సెన్సరు ఖచ్చితంగా పనిచేయలేదు" అని రాసేవారు ఈ 5 సెం.మీ.లను సెన్సరు మీదకు నెట్టేస్తారు.

ఒప్పుకున్న విలువతో పోల్చేటప్పుడు శాతంలో తేడా ఒక్కటే చెప్పి ఊరుకోకండి. తేడా మీ అనిశ్చితి లోపల ఉందా, బయట ఉందా చెప్పాలి. 9.80 ± 0.03కు 9.81 లోపలే ఉంది, సరిపోయింది. 9.69 ± 0.03 వస్తే తేడా ఒక శాతమే అయినా అది అనిశ్చితికి నాలుగు రెట్లు. ఏదో క్రమదోషం, అంటే ప్రతి కొలతనూ ఒకే దిక్కుకు లాగే దోషం ఉంది, వెతకాలి. చిన్న తేడా అని సంతోషించడం తొందరపాటు.

అనుకున్నది రాలేదంటే ఏం చేయాలి? రాలేదనే రాయాలి. ఉప్పునీటిలో విత్తనాలు తక్కువ మొలకెత్తుతాయని ఊహించి, తేడా కనిపించకపోతే, మీ దగ్గర ఉన్న విత్తనాల సంఖ్యతో ఎంత తేడా ఉంటే కనిపించి ఉండేదో ఆలోచించండి. ఒక్కో గిన్నెలో 10 విత్తనాలే ఉంటే ఒక్క విత్తనం మొలకెత్తకపోయినా 10 శాతం తేడా. అంతకంటే చిన్న ప్రభావాన్ని ఆ ప్రయోగం పట్టుకోలేదు. "ప్రభావం లేదు", "ప్రభావాన్ని ఈ ప్రయోగం పట్టుకోలేదు" వేరువేరు మాటలు.

ఇక ముగింపు. ఎదురుగా అంటించుకున్న ప్రశ్నకు జవాబు, అంకెతో సహా, ఒక పేరాలో. కొత్త విషయం ఇక్కడ మొదలుపెట్టకూడదు. "భవిష్యత్తులో మరింత మంచి పరికరాలతో చేయవచ్చు" అనే బదులు ఏ పరికరం ఏ అనిశ్చితిని తగ్గిస్తుందో చెప్పండి: చేతి స్టాప్‌వాచ్‌కు బదులు ఫొటోగేట్ (గుండు కాంతికి అడ్డొచ్చిన క్షణాన్ని తానే నమోదు చేసే పరికరం) పెడితే కాలంలోని అనిశ్చితి తగ్గి, ఆ తర్వాత పొడవు కొలతే ప్రధాన హద్దు అవుతుంది అన్నట్టు.

పరిచయం, ఆధారాలు, సారాంశం

పరిచయానికి మూడు పనులు: సమస్య ఏమిటి, దాని గురించి ముందే తెలిసింది ఏమిటి, మీ ప్రశ్న ఏమిటి. మానవ నాగరికత మొదలైన నాటి నుంచి ఎత్తుకోవద్దు. మీ ఫలితాలు అర్థం కావడానికి అవసరమైన సిద్ధాంతం మాత్రమే నేపథ్యంలో ఉండాలి. వాడని సూత్రం రాయకూడదు.

ఎక్కడ చదివినా అప్పుడే రాసుకోండి: రచయిత, శీర్షిక, సంవత్సరం, పేజీ, వెబ్‌పేజీ అయితే చూసిన తేదీ. చివర్లో వెతకడం నరకం. జొటేరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ జాబితాను దాచి, కావలసిన శైలిలో అమర్చిపెడుతుంది. అయితే వెబ్ నుంచి తెచ్చుకున్న వివరాల్లో రచయిత పేరు, సంవత్సరం తప్పుగా పడటం మామూలే, ఒక్కొక్కటీ కళ్లతో చూసుకోండి. జాబితాలో ఉన్న ప్రతిదీ నివేదికలో ఎక్కడో ఒకచోట ప్రస్తావనకు రావాలి, ప్రస్తావించిన ప్రతిదీ జాబితాలో ఉండాలి. మాటలు మార్చి రాసినా ఆలోచన వేరొకరిదైతే వారి పేరు చెప్పాల్సిందే. ఒకటి రెండు పదాలు మార్చడం సొంతంగా రాయడం కాదు. మూలం మూసేసి, అర్థమైంది రాసి, తర్వాత తెరిచి సరిచూసుకోవడం మంచి పద్ధతి.

కృతజ్ఞతల్లో ఎవరు ఏ సాయం చేశారో స్పష్టంగా రాయండి. అది మర్యాద మాత్రమే కాదు, ఏది మీ సొంత పనో అక్కడే తెలుస్తుంది. ఏఐ సాధనాలు వాడితే ఎక్కడ, దేనికి వాడారో మీ సంస్థ నియమాల ప్రకారం చెప్పండి. అవి ఇచ్చిన ఆధారాలను నేరుగా జాబితాలోకి ఎక్కించవద్దు. లేని పుస్తకాలను ఉన్నట్టు చూపించడం వాటికి మామూలే.

సారాంశం 150 నుంచి 250 పదాలు. ప్రశ్న, పద్ధతి, ప్రధాన ఫలితం అంకెతో, దాని అర్థం. "ఫలితాలను చర్చించడం జరిగింది" అని రాస్తే పాఠకుడికి ఏమీ అందలేదు. ఆ ఫలితమేదో అక్కడే చెప్పండి. సారాంశంలో బొమ్మలు, ఆధారాల నంబర్లు ఉండవు.

పేజీల అమరిక

నియమాలు ఇచ్చి ఉంటే అవే. ఇవ్వకపోతే ఎ4 కాగితం, 12 పాయింట్ల అక్షరం, ఒకటిన్నర లైన్ల ఖాళీ, ఎడమ మార్జిన్ 3.5 సెం.మీ., కుడి 2.5 సెం.మీ. ఎడమ ఎక్కువ ఎందుకంటే బైండింగు ఒక సెంటీమీటరు తినేస్తుంది.

శీర్షికలను చేత్తో పెద్దవి చేసి బోల్డు కొట్టకుండా హెడింగ్ స్టైళ్లు వాడండి. అప్పుడే విషయసూచిక తనంతట తాను తయారవుతుంది. బొమ్మలకు, పట్టికలకు నంబర్లు కూడా సాఫ్ట్‌వేర్‌తోనే వేయించండి. మధ్యలో ఒక బొమ్మ చేరితే చేత్తో వేసిన నంబర్లన్నీ తప్పుతాయి, ఏదో ఒకచోట పాత నంబరు మిగిలిపోతుంది. వర్డ్‌లో అయితే చివరి సేవ్‌కు ముందు మొత్తం సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కాలి. లేకపోతే విషయసూచికలో పాత పేజీ నంబర్లే ఉంటాయి.

గ్రాఫులను పీఎన్‌జీగా, ఫొటోలను జేపీఈజీగా పెట్టండి. గీతలున్న బొమ్మను జేపీఈజీలో దాస్తే అక్షరాల చుట్టూ మసక వస్తుంది. పేజీ వెడల్పంతా, అంటే 15 సెం.మీ., ఆక్రమించే ఫొటో బాగా ముద్రణ కావాలంటే అడ్డంగా సుమారు 1,800 పిక్సెళ్లు ఉండాలి. గ్రాఫులో ఎరుపు, ఆకుపచ్చ గీతల మధ్య తేడా నలుపు తెలుపు ముద్రణలో కనబడదు. ఒకటి నిండు గీత, ఒకటి చుక్కల గీత చేయండి.

గడువుకు ముందు

మొదటి పూర్తి ప్రతి గడువుకు రెండు వారాల ముందు గైడు చేతిలో ఉండాలి. ఆ లోపు ఫైలును కనీసం మూడు చోట్ల దాచండి, అందులో ఒకటి మీ కంప్యూటరుకు బయట. ఫైలు పేరులో తేదీ పెట్టండి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్" అన్న పేర్లతో చివరి రాత్రి ఏది ఏదో తెలియదు.

గైడు దిద్ది ఇచ్చాక, ఒకసారి అంకెల కోసమే చదవండి. సారాంశంలో ఉన్న ఫలితం, ఫలితాల భాగంలోది, ముగింపులోది అక్షరాలా ఒకటేనా? లెక్క మధ్యలో సవరించినవారికి వీటిలో ఒకచోట పాత అంకె మిగలడం చాలా సాధారణం. ఇంకోసారి గట్టిగా బయటికి చదవండి. ఊపిరి అందని వాక్యాన్ని రెండుగా విరవండి. మౌఖిక పరీక్ష ఉంటే, నివేదికలో ప్రతి సంఖ్య పక్కన పెన్సిలుతో "ఎందుకు ఇంతే?" అని రాసుకుని జవాబు సిద్ధం చేసుకోండి. అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం అవే.

చివరగా పీడీఎఫ్ చేసి, దాన్ని మీది కాని ఇంకో పరికరంలో తెరిచి చూడండి. ఫాంటు ఎంబెడ్ కాకపోతే తెలుగు అక్షరాల స్థానంలో డబ్బాలు కనిపిస్తాయి, సూత్రాల్లోని గుర్తులు మాయమవుతాయి. ముద్రణకు ఇచ్చే ముందు గ్రాఫు ఉన్న ఒక్క పేజీని మాత్రం ప్రింటు తీసి, అక్షం మీది అంకెలు చేతి దూరం నుంచి చదవగలుగుతున్నారో లేదో చూసుకున్నాకే మిగతా ప్రతులు తీయించండి.